ఏడో పేరు దగ్గర

నరసన్నపేట కాంప్లెక్సులో కండక్టరు
రుంజకి లగేజీ టికెట్టు కొట్టాడు.
లోపలేటుంది? అన్నాడు.
ఏమీ లేదన్నాను.
బోలుగా ఉంటేనే కదా పలికేది.

అంచు దగ్గర వెంట్రుకంత పగులు.
మా అయ్య గుంపస్వామి భుజాన ముప్పై ఏళ్లు,
నా భుజాన పద్దెనిమిది, ఏమీ కాలేదు.
మొన్న ఆటో మీంచి జారింది, ఒక్కసారి.
అప్పట్నుంచి పుల్ల వేస్తే
జలుబు చేసిన ముసలాడిలా గురగురమంటోంది.

దీన్ని పోసింది బుడితి కంచరోళ్లు.
వాళ్ల వంశం చెప్పేది మేము.
వాళ్లు మాకు కంచిస్తారు, మేం వాళ్లకి తాతల్నిస్తాం.
కాయితం లేని లెక్క.

మా అయ్య తిరిగినప్పుడు ముప్పై గడపలు.
నాకు తొమ్మిది.
ఒక గడపలో గ్యాసు సిలిండర్లు,
ఒక గడపలో జిరాక్సు మిషను,
దాని వెనకనుంచి ఒకాయన
"ఎవలు బావూ నువ్వు?" అన్నాడు.
ఆయన ముత్తాత పేరు ఆయనకి తెలీదు.
నాకు తెలుసు.
ఆ ముత్తాతది ఎడమచేతి వాటమనీ తెలుసు.

చిట్టిబ్రహ్మం కొలిమి మాత్రం రాజుకునే ఉంది.
రుంజని ఒళ్లోకి తీసుకుని, గోటితో మీటి,
చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
"ఇది మా తాత పోత. తోలు ఇప్పాల.
నాలుగు దినాలు పడతాది."
డబ్బు మాట ఎత్తలేదు.
"రేత్రికి మనవరాలి బారసాల. పేర్లు సెప్పాల నువ్వు."

రుంజ లేకుండానా?

మా అయ్య నాకు పేర్లు నేర్పింది
తెల్లారకముందు, గట్టు మీద, నా వీపు మీద.
పేరుకో దెబ్బ. తప్పితే రెండు.
ఏడో పేరు దగ్గర మాత్రం
రెండు పుల్లలూ కలిపి, ఉన్న బలమంతా పెట్టి.
పేరు పలకాలి, ఎవరికీ వినపడకూడదు.
ఎందుకయ్యా అంటే
"మా అయ్యా అలాగే కొట్టినాడు."

మొగుడు పోయాక
కొడుకు ఎదిగేదాకా పదకొండేళ్లు
తనే మూసలు కట్టి, తనే కంచు కరిగించి పోసిందట ఆవిడ.
ఊరు ఆవిడ గంటలు ఉంచుకుంది,
పేరు తీసేసింది.
వదిలేస్తే మాకు దోషం, పలికితే వాళ్లకి కోపం.
మావాళ్లు మధ్యలో దెబ్బ పెట్టారు,
కుండ మీద మూత పెట్టినట్టు.

రాత్రికి ఒక నూనె డబ్బా దొరికింది.
రాక్షసుడి పొట్టతోలు కథతో మొదలెట్టాను,
పిల్లలు నవ్వారు డబ్బా మోతకి.
ఒకటి, రెండు, ఆరుదాకా బాగానే వచ్చాయి.
ఏడో దగ్గర రెండు చేతులూ ఎత్తి కొట్టాను.
డబ్బా సొట్టపోయింది.
మోత అక్కడే చచ్చింది,
నా నోరు ఆగలేదు.

సన్నాసమ్మ.

వాకిట్లో చెంబు పడ్డట్టు పడింది ఆ పేరు.
వెనక చుట్ట కాలుస్తున్న ముసలమ్మ
చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.
చిట్టిబ్రహ్మం నావైపు చూళ్లేదు, నిప్పు వైపు చూశాడు.
బాలింత, పిల్లని భుజం మార్చుకుంటూ, అంది:
"మళ్లీ సెప్పు బావూ, ఆ ఆడమనిసి పేరు."

చెప్పాను.
చేతులు ఒళ్లో పెట్టుకుని,
నాకు తెలిసిందంతా, తెలిసినంతే.

నాలుగో రోజు రుంజ చేతికొచ్చింది.
పగులున్న చోట చెయ్యి వేస్తే చల్లగా తగిలింది, అంతే.
ఇప్పుడిది ఏ పేరునైనా ముంచేస్తుంది,
మునుపటికంటే బాగా.
అది తల్చుకుంటే కాస్త భయమేసింది.

పిల్లకి జోషిత అని పెట్టారు.
ఆడపిల్లలు మా వరసలో ఉండరు. చేర్చాను.
తిరుగు బస్సులో మోకాలి మీద
మొదట్నుంచీ కొట్టుకుంటూ వచ్చాను.
ఏడో పేరు దగ్గర వేళ్లు లేచాయి, అలవాటు,
గాల్లోనే ఆపాను.
ఈ చివరి పేరుకి మాత్రం,
జో దగ్గరా, షి దగ్గరా,
దెబ్బ ఎక్కడ పడాలో
సారవకోట దాటినా కుదరలేదు.