సందు

జిలినాలో చలికాలమంతా రోడ్లమీద ఉప్పే.
జ్దెంకా వాళ్ళ నాన్న కారును
తలుపుల కిందనుంచి తినేసింది తుప్పు.
ఏటా రంగేసేవాడాయన;
ఆ సందులోకి కుంచె పట్టేది కాదు.

ఇప్పుడు రాత్రి షిఫ్టులో
ఆమె కాపలా కాసేది ఒక తొట్టిని.
ఇంజనూ అద్దాలూ లేని కారు గుల్ల
బూడిదరంగు నీళ్ళలో మునకేస్తుంది.
మూడొందల వోల్టులు. కాసిని బుడగలు. అంతే.

పూత పట్టిన చోటు
కరెంటును ఇక రానివ్వదు.
పట్టని చోటు వెతుక్కుంటూ పోతుందది,
మడతలోకి, బోల్టు రంధ్రంలోకి,
ఎవరూ తొంగిచూడని చోటికి.

కడిగిన రంగు మళ్ళీ తొట్టిలోకే,
చుక్క వృథా కాదని
మేనేజరుకు మహా మురిపెం.

పొయ్యిలోంచి వచ్చి చల్లారిన తలుపు కింద
గ్లవ్ తీసి
వేలితో తడుముతుంది జ్దెంకా.
నున్నగా ఉంది.
ఇంకాస్త లోపలికి పోనిస్తుంది వేలిని.
అక్కడా.

వెనక హారన్ మోగుతోంది,
ఇంకో గుల్ల.