తడి

మా చెల్లి కొడుకు రాసిచ్చాడు:
"కొబ్బరి పీచులో విప్లవం. మా ప్రయాణం. మా విజన్."
ఫొటోలో నా వెనక అద్దాల మేడ.
అంబాజీపేట స్టూడియోలో
గోడకి అతికించిన కాగితం అది.

పోస్టు నొక్కబోతే
పీచు గుచ్చుకున్న బొటనవేలు సలిపింది.
అంతా చెరిపేశాను.
ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు కొట్టాను:

"ఆయ్, నేను పెచ్చెట్టి మంగతాయారుని.
కాళ్లు తుడుచుకునే పట్టాలు నేయిస్తాను.
మగ్గాలు నాలుగు, ఒకటి మూలపడింది.
శ్రావణం ముసుర్లో పీచు ఆరిందనుకున్నా.
అనుకోవడం కాదు, తొందర.
రెండొందల పట్టాలు బూజెక్కి
హోసూరు నించి తిరిగొచ్చాయి. లారీ బాడుగ నాదే.
ఇప్పుడు మా వెంకాయమ్మ
కట్టకట్టనీ చెంపకి ఆనించి చూస్తోంది,
చల్లగా తగిలితే అవతల పడేస్తోంది."

ఫొటో: కాలవగట్టున ఆరేసిన పీచు,
దాని మీద నిద్రపోతున్న కుక్క.

"పెద్దమ్మా, నష్టం ఎవరైనా చాటుకుంటారా?"
తల పట్టుకున్నాడు వాడు.

రాత్రికి పదకొండు లైకులు,
నాలుగు మా ఇంట్లోవే.

తెల్లారాక హోసూరు నించి ఒక్క ముక్క:
"చెంప ఆనించే ఆవిడ ఈ వారం పనిలో ఉందా?"

ఉందండి.
ఇవాళ ఎండే లేదు.

అదీ రాశాను.