డ్రెస్సింగు

"పండ్లకు డ్రెస్సింగు చేద్దాం మామా" అంటే
ఎవరికి దెబ్బ తగిలిందే అని లేచి నిలబడ్డాను.

చిత్తూరు పెద్దాసుపత్రిలో ముప్పైయొక్క ఏళ్లు
నాకు తెలిసిన డ్రెస్సింగు ఒకటే.
పాత కట్టు తడిపి మెల్లగా ఊడదీయడం,
చీము తుడవడం,
"అయిపోయింది, అయిపోయింది" అని
అయిపోకముందే చెప్పడం.

హంసవేణి పడీపడీ నవ్వింది.
తిరుపతిలో హోటలు వంటింట్లో పని దానికి,
మంగళవారం సెలవు.
సంచీ బోర్లిస్తే బల్లనిండా పండ్లు:
దోర బెంగుళూరా మామిళ్లు రెండు,
జామకాయలు, బొప్పాయి చెక్క, ఒక దానిమ్మ,
బస్సులో ఎవరి మోచేతి కిందో నలిగిన
సపోటాలు నాలుగు.

"తేనె ఉండాదా?"

ఉండాది.
ఉప్పు జాడీ వెనక,
పాత గాజు సెలైను సీసాలో.

అది పోలయ్య తేనె.
తలకోన అవతల పట్టు కొయ్యబోయి
తాడు తెగి పడినాడు ఒక ఏడు.
పిక్క మీద జానెడు గాయం.
పదిహేడు రోజులు కట్టు కట్టినాను.
పదకొండో రోజు మందు లేదు.
స్టోరు తాళంచెవి నడుముకు దోపుకొని
గుమాస్తా బావమరిది పెండ్లికి పోయినాడు.
"నా బుట్టలో తేనె ఉండాది సామీ, పుయ్యి"
అన్నాడు పోలయ్య.
పుస్తకంలో రాయకుండా పూసినాను.
మానింది తేనెతోనో, వాడి మొండితనంతోనో
నాకు ఇప్పటికీ తెలీదు.
అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం ఒక సీసా.
డబ్బులు తియ్యబోతే
పంచె ఎత్తి పిక్క చూపిస్తాడు.

"నాలుగు చెంచాలు పొయ్యి" అంది హంసవేణి.
పోసినాను.
రెండు నిమ్మకాయలు పిండింది.
తేనె అడుగున, పులుపు పైన,
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ల మాదిరి
దేని చోట అది కూర్చుంది.
"కలిపితే కలవదు మామా, కొట్టాల!"
ముళ్ల చెంచా నా చేతికిచ్చి
తాను మిరియాలు దంచను పోయింది.

బ్యాండేజీ చుట్టిన మణికట్టుకు
గుండ్రంగా తిరగడం ఒకటే తెలుసు.
తిప్పినాను, తిప్పినాను,
పొద్దుతిరుగుడు నూనె మాదిరి ఉన్నది
కాసేపటికి మసకబారి, లేతబడి,
నురగ కట్టింది.
చిటికెడు ఉప్పు.
దంచిన మిరియం.
అల్లం పిండితే మూడు చుక్కలు.
"పుదీనా కత్తితో కొయ్యొద్దు, నల్లబడతాది,
చేత్తో తుంచు."
ఇంతకు ముందు నాకెవరూ
ఇంత మెత్తని పని నేర్పలేదు.

రుచి చూడమని
నా చేతి వెనక ఒక చుక్క వేసింది.
డెట్టాలుతో ఎన్ని వేలసార్లు కడిగిన చెయ్యో.
నాలుకతో అందుకోవడానికి
ఒక్క క్షణం వెనకాడినాను.
తీపి ముందొచ్చింది, పులుపు దాన్ని తరిమింది,
ఆ వెనకెక్కడో
అడవి పూల చేదు సన్నగా.

"ఇంక పండ్ల మీద పోసెయ్" అంది.
నేను అంచుల నుంచి లోపలికి పోసినాను.
గాయానికి అట్లనే కదా.
మామిడి ముక్కలు దాటి, జామ దాటి,
సపోటాల దగ్గర చెయ్యి నిలిచింది.
"అంతా ఒకటే చోట పోస్తావేంది మామా,
సమానంగా పొయ్యాల!"
"నలిగినయ్యి కదే" అన్నాను.
అది మళ్లీ నవ్వింది,
ఈసారి కొంచెం చిన్నగా.

వరండాలో కూర్చొని తిన్నాం.
దానిమ్మ గింజలు పంటి కింద టపటపా పగిలినాయి.
గిన్నె అడుగున మిగిలిన రసం
అది చూడనప్పుడు నేను,
నేను చూడనప్పుడు అది, తాగేసినాం.

ఈ ఏడు ఎండాకాలం అయిపోవస్తా ఉండాది.
పోలయ్య ఇంకా రాలేదు.
సీసాలో రెండు వేళ్లు.

దానికి చెప్పలేదు.
చెప్పుంటే
ఒక్క చెంచా అడిగేది.