ఆదివారం ఫోన్లో లేదు

టిక్కెట్లు చింపే చేతులివి.
యాభై ఎనిమిదేళ్ళొచ్చాక, బుధవారం సాయంత్రాలు
ఆచావో లైబ్రరీలో కీబోర్డు ముందు
బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చుంటున్నాయి.
బయట చిలోయే వాన.
గది నిండా తడిసిన ఊలు వాసన.

నేరం నాదే.
పడవల వేళలు పట్టిక కట్టి ఇంటర్నెట్లో పెట్టాను,
వెడల్పు తొమ్మిది వందల అరవై పిక్సెళ్ళు,
ఇక మాట లేదన్నట్టు.
రేవు గదిలో పాత కంప్యూటరు మీద
కొలిచి కోసిన పలకలా కుదిరింది.
సెఫెరీనో తాత ఫోను ఆయన అరచేతిలో సగం.
అందులో సోమవారం ఉంది, శనివారం ఉంది,
ఆపైన తెర అంచు.
అన్ని రోజుల్లాగే ఏడింటికి వచ్చాడు
విత్తనపు దుంపల బస్తా భుజానేసుకుని.
ఆదివారం చివరి పడవ ఐదూ నలభైకే.
రాత్రంతా నా బెంచీ మీద, బస్తా తలగడగా.
తిట్టలేదు.
"నా ఫోన్లో ఆదివారం లేదమ్మా" అన్నాడు, అంతే.
తిట్టినా బావుండేది.

పాఠం చెప్పే మిల్లరాయ్‌కి ఇరవై నాలుగేళ్ళు.
తెర మీద ఉన్నవన్నీ పెట్టెలే అంటుంది,
అక్షరం ఉన్నా, బొమ్మ ఉన్నా, ఏమీ లేకపోయినా.
పెట్టెలైతే నాకు తెలుసు.
దుంపకీ చెక్కకీ మధ్య కుక్కిన గడ్డి పాడింగ్,
చెక్క బార్డర్,
పక్క పెట్టెని ఒరుసుకోకుండా వదిలే ఎడం మార్జిన్.
వెడల్పు వందన్నాను.
అటిరవై ఇటిరవై గడ్డి కుక్కేసరికి నూట నలభై అయి కూర్చుంది.
మోసం కాదా ఇది?
లెక్క మార్చడానికి ఒక్క వాక్యం ఉందట.
ముందే చెప్పొచ్చు కదా, ఆ వాక్యం.

ఇంకో వింత.
వాలు మీద మా ఇంటి పైనే ఒతీలియా ఇల్లు.
నేను మూడడుగులు వదిలాను, తను ఐదు వదిలింది.
ఎనిమిదడుగుల దారి ఉండాలని
పదకొండేళ్ళుగా మాటల్లేవు మాకు.
బ్రౌజరైతే ఎనిమిది ఇవ్వదు.
కిందా పైనా పెట్టెల నడుమ
పెద్ద మార్జిన్ ఒక్కటే నిలుస్తుంది. ఐదు.
పక్కపక్క పెట్టెలకి మాత్రం కూడి ఇస్తుందట.
ఒతీలియాకి ఈ సంగతి నేను చెప్పబోవడం లేదు.

పోయిన బుధవారం పెట్టెల్ని జరపడం.
మా దగ్గర ఇళ్ళే జరుగుతాయి, అదేం పెద్ద విద్య?
నా తొమ్మిదో ఏట అక్క ఇల్లు, తలుపులు కిటికీలతో సహా,
ఎడ్లు ఒడ్డుదాకా లాగితే, పడవలు అవతలి దీవికి లాక్కుపోయాయి.
పొయ్యిగొట్టం నీళ్ళ మీద వెళ్ళిపోవడం చూస్తూ నిలబడ్డాను.
రిలేటివ్ అని రాస్తే పెట్టె జరుగుతుంది,
అది విడిచిన చోటు మాత్రం అట్లాగే ఉంటుంది,
ఎవరూ ఆక్రమించరు.
అక్క ఇల్లున్న చోట గడ్డి
ఈనాటికీ వేరే ఆకుపచ్చ.
అదే ఆబ్సల్యూట్ అని మార్చి చూశాను.
కింది వరసలన్నీ ఒక్కసారి పైకి జరిగిపోయాయి.
ఎవరిదీ చోటని ఒక్కటీ అడగలేదు.
మిల్లరాయ్ చూడకముందే కంట్రోల్ జెడ్ నొక్కాను.

పట్టికకి వెడల్పు తీసేశాను.
ఫ్లెక్స్ పెట్టాను, చాలకపోతే కిందికి దిగమన్నాను.
ఇరుకు తెర మీద ఏడు రోజులూ
ఇరుకు వంతెన మీద గొర్రెల్లా
ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

తాత ఫోను నేనే తెరిచి చూపించాను.
బొటనవేలితో లాగాడు, ఇంకా లాగాడు.
అట్టడుగున ఆదివారం. ఐదూ నలభై.
చాలాసేపు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.
"ఉంది" అన్నాడు.
మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి,
"అక్షరాలే చీమల్లా ఉన్నాయి" అన్నాడు.

అది వచ్చే బుధవారం పాఠమట.