ఇరవై ఏడు

శనివారం ప్రాక్టికల్ అయ్యాక
నా వేళ్లు ఊదారంగులో మిగిలిపోతాయి.
నిన్‌హైడ్రిన్. సబ్బుకి పోదు, చింతపండుకీ పోదు.
నా చెమటలోని అమైనో ఆమ్లాల్ని పట్టుకుని
నన్నే నా మీద అద్దుతుంది.

గోపాల్‌పూర్ రూటు బస్సులో కండక్టరు ఒడియాలో అడుగుతాడు,
"ఎన్ని ఓట్లు వేశావమ్మా, పది వేళ్లకీ సిరా?"
బరంపురంలో మా వీధిలో మాత్రం ఎవరూ అడగరు.
పట్టుకి రంగులేసే వీధి.
అక్కడ వేళ్లు తెల్లగా ఉన్నవాళ్లనే
ఎవరి తాలూకా అంటారు.

ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా కలిసిన ఇంగ్లీషు,
పరీక్షలో ఉట్టి ఇంగ్లీషు.
క్రెబ్స్ చక్రాన్ని మగ్గం చప్పుడు మీద వల్లించాను.
సిట్రేటు, టక్. ఐసోసిట్రేటు, టక్.
సక్సినేటు దగ్గరికొచ్చేసరికి
నాడె వెనక్కి తిరిగేది.

రెండో సంవత్సరం, ప్రొటీన్ల పాఠం.
పాణిగ్రాహి మాస్టారు బోర్డు మీద పట్టు అని రాసి
కింద రెండు పేర్లు రాశారు.
ఫైబ్రోయిన్, అది దారం. సెరిసిన్, అది జిగురు.
"మరిగిస్తే జిగురు వదిలిపోతుంది."
తెలుసు సార్, అనబోయి ఊరుకున్నాను.
మా నీలాద్రమ్మత్త తెల్లారుజామున
కాగులో సోడా, సబ్బు వేసి
ఆ వదిలినదాన్ని ఇరవై ఏళ్లుగా కాలువలో పారబోస్తోంది.
దానికో పేరుందని తనకి తెలీదు.

పేరు లేకపోయినా లెక్క ఉండేది.
షావుకారు కిలో పచ్చిపట్టు ఇస్తే
ఏడువందల ఎనభై గ్రాములు తిరిగి రావాలి.
నేను ఏడో క్లాసులో ఉండగా ఒక దఫా
ఏడువందల ముప్పయ్యే తూగింది.
"దండాసీ, యాభై గ్రాములు ఏటైపోనాయి?"
వీధిలోనే అడిగాడు.
మా పెదనాన్న తువ్వాలు దులిపి చూపించాడు.
జేబులు తిరగేసి చూపించాడు.
ఆ నెలలోనే మగ్గం దిగి
పచ్చళ్ల ఫ్యాక్టరీలో మామిడికాయ కొట్టే పనికి కుదిరాడు.
ఇప్పటికీ పెళ్లి పందిట్లో ఆయన మాటొస్తే
ఎవరో ఒకరు అరచేతిని త్రాసులా ఊపుతారు.

ప్రాజెక్టుకి అందరూ లాలాజలం తెచ్చారు, లిపిక పెరుగు తెచ్చింది.
నేను పచ్చిపట్టు తెచ్చాను, పది గ్రాములు.
ల్యాబు తక్కెడకి గాజు తలుపులుంటాయి,
ఊపిరి తగిలినా అంకె కదులుతుందని.
ఉడికించి, కడిగి, ఆరబెట్టి,
తలుపు మూసి చూశాను.
ఏడు పాయింట్ మూడు.

ఎవరికి చెప్పాలి?
షావుకారు పోయాడు. కొడుకు సూరత్ చీరలమ్ముతున్నాడు.
అత్త కాగులో కర్ర తిప్పడం ఆపలేదు.
"ఏ పురుగు ఏ ఆకు తిందో,
జిగురు ఒక్కలాగుంటాదేటి?
అప్పుడే సెప్పినాను. ఇన్నారేటి?"
పెదనాన్న ఉప్పుకి పగిలిన చేతులు తుడుచుకుని
అంతా విన్నాడు. విని,
"ఆ పది గ్రాములూ ఎవులివి?
తిరిగిచ్చీసినావా?" అన్నాడు.

సోమవారం రికార్డు వెనక్కొచ్చింది.
ఇరవై ఏడు శాతం చుట్టూ ఎర్రసిరా.
పక్కన మాస్టారి కుదురైన దస్తూరి.
పుస్తకంలో ఇరవై రెండు. మిగతాది ఎక్కడికి పోయింది?
మళ్లీ చెయ్యి.

మళ్లీ చేస్తున్నాను.
ఈసారి లిపికని సాక్షిగా నిలబెట్టుకుని,
బీకరు దగ్గరికి వెళ్లే ముందు
ఎవరూ అడక్కుండానే
చున్నీ దులిపి.