మట్టం

స్టూడియోలో మాకు మొదటి పాఠం రంగులది.
ఇళ్లకు పసుపు, అంగళ్లకు ఎరుపు,
ఫ్యాక్టరీలకు ఊదా, నీళ్లకు నీలం.
సెమరాంగ్ ఉత్తరపు అంచున
లస్మిని వాళ్ల వీధికి నేను నిండుగా పసుపు పూశాను.
శనివారం టేపూ ఫారాలూ పట్టుకుని వెళ్తే
ఆ పసుపులో మోకాళ్ల దాకా తడిశాను.

వాన లేదు. ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది.
సముద్రం తన వేళకి తాను వచ్చింది, అంతే.
దాన్ని ఇక్కడ రోబ్ అంటారు,
పక్కింటి పిల్లిని పిలిచినట్టు
పొట్టి పేరుతో.

ఫారంలో ఇరవై మూడో ప్రశ్న:
నేల ఎత్తు, సెంటీమీటర్లలో.
"ఏ నేల?" అంది లస్మిని.
"మా అత్త వేసిందా, నా పెళ్లికి వేసిందా,
వంతెన కూలిన ఏడు వేసిందా,
మొన్న రంజాన్‌కి ముందు
ఆరు బండ్ల మట్టి పోయించి వేసిందా?"

ఒకదాని మీద ఒకటి నాలుగు నేలలు
కడుపులో దాచుకుని కూర్చుంది ఆ ఇల్లు.
పైకప్పు మాత్రం ఎక్కడిదక్కడే.
కిటికీ ఇప్పుడు చీలమండలకి గాలి తోలుతోంది.
గుమ్మం దాటాలంటే నేను నడుం వంచాలి.
ఆమె వంచక్కర్లేదు, పొట్టిది.
"మా ఆయనే బతికుంటే
ఇంట్లో పాకేవాడు" అని నవ్వింది.

వీధి మలుపులో సర్వే రాయి,
నెత్తిన ఇత్తడి బొడిపె.
అన్నీ దాని నుంచే కొలవమన్నారు మా హర్యంతి మేడమ్.
మూడు వారాలు కొలిచాను.
లెక్క కుదిరింది.
మరీ బాగా కుదిరింది.
ఏ ఇల్లూ వెంట్రుకవాసి కూడా దిగలేదట!
ఆ రాత్రి హాస్టల్లో నూడుల్స్ చల్లారిపోతుంటే వెలిగింది,
రాయీ దిగుతోంది.
మునిగే పడవలో కూర్చుని
దాని అంచునుంచి దాని లోతు కొలిచాను నేను.

మళ్లీ వెళ్లాను. సిగ్గు విడిచి అడిగాను.
"మీరెలా కొలుస్తారు?"
లస్మిని పైకి చూపించింది.
టేకు దూలం. దాని పక్క గోడ మీద
బొగ్గుతో గీసిన గీతలు, కిందినుంచి పైకి ఎక్కుతూ.
"దూలం నుంచి కిందికి కొలుచుకో పిల్లా.
ఎంత పోయిందో నాకెందుకు,
ఎంత మిగిలిందో చాలు."

పట్టికలో ఒక గడి పెంచాను.
పైన రాశాను: మిగిలినది.

వైవా ఏసీ గదిలో.
నా స్లైడుల కన్నా నా చెప్పుల బురదనే ఎక్కువ చూశారు.
"నేలమట్టం తేలడం లేదు సార్" అన్నాను.
"నేలమట్టం చేసేస్తే పోలా" అన్నాడు
నగరపాలిక నుంచి వచ్చిన సలహాదారు.
కొండ దిక్కున ఖాళీ జాగా ఉందట, ధర కూడా తక్కువట.
అందరూ ఏదో రాసుకున్నారు.
నాకు బి ఇచ్చారు.

ప్రొజెక్టర్ ఆర్పుతూ, నా వైపు చూడకుండానే
హర్యంతి మేడమ్ అడిగారు:
"ఆ దూలం ఇప్పుడెంత ఎత్తు?"
నూట యాభై రెండు.
"ఆమె?"
నూట నలభై తొమ్మిది.
ప్రొజెక్టర్ ఫ్యాను ఇంకా తిరుగుతోంది.
మా ప్లాను ఇరవై ఏళ్లది.

సెమిస్టర్ చివర స్టూడియో ఊడ్చేస్తారు.
కార్డుబోర్డు ఊళ్లన్నీ చెత్తబుట్టలోకి.
లస్మిని ఇల్లు ఒక్కటి కోసుకుని
బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.
అటూ ఇటూ తిప్పి చూసింది.
కిటికీలోంచి వేలు దూర్చింది.
"తలుపు మరీ ఎత్తు పెట్టావు" అంది.

బ్లేడు తీశాను సరిచేద్దామని.
"వద్దొద్దు, కోయకు" అంది.
బియ్యం డబ్బా మీద పెట్టి
కాస్త వెనక్కి జరిగి,
తలుపు ముందు
రెండు వేళ్లతో ఒక పొడుగాటి మనిషిని నిలబెట్టింది.
వాడు వంగకుండానే లోపలికి వెళ్లాడు.