సాయంత్రం కాలేజీ, రెండో అంతస్తు

కోఠీలో కళ్ళజోళ్ళ దుకాణం పక్క మెట్లెక్కితే
మా క్లాసు.
కామర్సు సారు నాకంటే ముందే వెళ్ళిపోయాడు,
బోర్డు మీద జమా, ఖర్చు
రెండు గళ్ళు వదిలేసి.
తుడవబుద్ధి కాలేదు.
అదే గీతకు అటు పద్యం, ఇటు గద్యం అని రాశాను.

"రెండూ కలిస్తే?"
"చంపువు" అన్నారిద్దరు, పుస్తకం చూసి.
"బ్యాలెన్సు" అన్నాడు ఐలేష్, బోర్డు చూసి.

పదకొండేళ్ళుగా ఇదే పాఠం నాది.
దృశ్యం, శ్రవ్యం. కళ్ళకొకటి, చెవులకొకటి.
కిటికీ కింద బస్సుల హారన్లు మొదలయ్యాక
రెండో దానికి చోటుండదు.
వెనక బెంచీ వాళ్ళు
నా పెదాలు చూసి రాసుకుంటారు.

శతకం దగ్గర ఏటా నిద్రపోతారు.
ఈసారి ఉప్పలమ్మ నిద్రపోలేదు.
కండక్టరు. డ్యూటీ దిగి
ఖాకీ చొక్కాతోనే వచ్చి కూర్చుంటుంది.
"పద్యం పద్యానికీ విషయం వేరు,
చివరి మాట మాత్రం అదే. మకుటం" అన్నానో లేదో
"అయితే మాది గూడ శతకమే మేడం.
ఎక్కెటోళ్ళు మారుతరు, దిగెటోళ్ళు మారుతరు,
ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి,
అదొక్కటే మారదు."
మకుటంలో దేవుణ్ణో రాజునో పిలుస్తారమ్మా,
నువ్వెవర్ని పిలుస్తున్నావు?
"ఫుట్‌బోర్డు మీదోణ్ణి."

యూనిట్ టెస్టు. కథానికకూ నవలకూ భేదాలు. ఐదు మార్కులు.
కోఠీ ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరికే గైడులో
ఎనిమిది భేదాలున్నాయి, అంకెలు వేసి.
ఐలేష్ మలక్‌పేటలో గ్యాసు బండలు మోస్తాడు.
అతను రాసింది:
"ఒక సిలిండర్ ఒక ఇంట్ల దించి వస్తే కథ.
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు,
ఎక్కుతుంటే ప్రతి ఇల్లు తలుపు తీసి చూస్తది, అది నవల."
ఎర్ర పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
మూడు వేశాను.
అన్నం తిని వచ్చి నాలుగున్నర చేశాను.
ఆ అర మార్కు
గైడు రాసినాయన మర్యాద కోసం ఆపాను.

గౌసియా వారం రోజులు రాలేదు.
వచ్చాక నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చింది.
తెలుగు ఆలస్యంగా నేర్చుకున్న చేయి,
ళ రాసిన ప్రతిచోటా రెండోసారి దిద్దింది.

"గౌరవనీయులైన మేడం గారికి,
మా అబ్బా మంగళవారం పోయారు.
ఆయన కత్తిరించిన షేర్వానీ మిషన్ మీద ఉండిపోయింది.
పెళ్ళి వాళ్ళది, ఆగదు.
చేతులు నేను కుట్టాను. కొలతలు ఆయనవే.
కావున ఏడు రోజులు సెలవు మంజూరు చేయగలరు."

చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగిపోయింది.
నాలుగుసార్లు చదివాను.
లేఖే. సంబోధన ఉంది, సంతకం ఉంది.
స్మృతి కావ్యం అందామంటే
ఒక్క కన్నీటి మాట లేదు.
కథానిక అందామంటే మలుపెక్కడ?
చేతుల దగ్గరా? కావున దగ్గరా?
నా నోట్సులో ఇన్ని ప్రక్రియలు,
దేని కిందా ఆ "కావున" పట్టలేదు.
మూసీ వాసన వేస్తోంది. పక్క సీటు పెద్దాయన
నా చేతిలో కాగితం చూసి
మాట కలపబోయి మానుకున్నాడు.
కింద ఖాళీ ఉంటే
మంజూరు అని రాశాను.
అంతకంటే విమర్శ నాకు చేతకాలేదు.

మర్నాడు కామర్సు సారు మళ్ళీ అదే గీత గీసి వెళ్ళాడు.
ప్రక్రియ అంటే కొలత టేపు లాంటిది అని
చెబుదామనే వెళ్ళాను, బాగుంటుందని.
మొదటి బెంచీలో గౌసియా కూర్చుంది.
చెప్పలేదు.

"మేడం, వ్యాసం ఇంక షురూ చెయ్యలే,
పరీక్షల వస్తదా?" ఐలేష్.
"వస్తుంది. పది మార్కులకు. రాసుకోండి."
పెన్నుల మూతలు తీసిన చప్పుడు.
గౌసియా పెన్ను రెండుసార్లు విదిలించింది, పడలేదు.
ఉప్పలమ్మ ఖాకీ జేబులోంచి
డ్యూటీ పెన్ను తీసి
అటు చూడకుండానే అందించింది.